ఏడో బెల్టు అత్తగారు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు ఏడో బెల్టు దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డా తూలని మనిషి, ఒకరోజు బస్సు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని లేని మెట్టు మీద కాలు వేసింది. చీలమండ విరిగింది. మోకాలి దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు కదలొద్దన్నారు. ఒంటరిగా ఉండే మనిషి. కూతురు వచ్చి, వద్దంటున్నా వినకుండా, బట్టల సంచీతో సహా తన ఇంటికి తీసుకుపోయింది. ఆ విధంగా ఆవిడ అల్లుడి ఇంట్లో రెండో అంతస్తు హాల్లో, కాలు స్టూలు మీద చాపుకుని, సోఫాకు అతుక్కుపోవలసి వచ్చింది.

అల్లుడు మంచివాడే. కళ్లద్దాల షాపు. ఆ చుట్టుపక్కల సగం ముక్కుల మీద ఆయన బిగించిన అద్దాలే ఉన్నాయి. కాకపోతే ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండాలంటాడు. చెప్పులు గోడకు ఆనకుండా విడవాలి, గ్లాసు కింద గుడ్డ ఉండాలి, తలుపు చప్పుడు కాకుండా వేయాలి. అత్తగారంటే ఆయనకు ఎంత గౌరవమంటే, పక్కనే కూర్చున్నా ఆవిడతో నేరుగా మాట్లాడేవాడు కాదు. అత్తయ్యగారు టీ తాగారా అని భార్యను అడిగేవాడు. తాగానని చెప్పమ్మా అని ఆవిడ కూతురికి చెప్పేది. వంటింట్లో ఉన్న కూతురు ఇద్దరికీ వినపడేలా, విన్నారు కదా అనేది.

టీవీ కింద గాజు తలుపుల అరలో, తెల్లటి గుడ్డ కప్పుకుని, ఒక బూడిదరంగు డబ్బా ఉండేది. అల్లుడి చిన్ననాటి వీడియో గేమ్. అందులో ఒకే ఒక్క క్యాసెట్. చిన్న ఓడ ఒకటి ఆకాశంలో ఎడమ నుంచి కుడికి పోతూ ఉంటుంది, కుడివైపు నుంచి శత్రువుల ఓడలు వరసలు వరసలుగా మీదికి వస్తూ ఉంటాయి. కాల్చాలి, తప్పించుకోవాలి, అంతే. ఆటకు మూడు ఓడలు, మూడూ పోతే ఆట ముగిసినట్టే. ఎక్కువ పాయింట్లు కొట్టిన మొదటి ఐదుగురి లెక్కనూ, వాళ్ల పేర్లలోని మూడేసి అక్షరాలనూ క్యాసెట్ తనలోనే దాచుకుంటుంది. తీగ పీకేసినా చెరిగిపోదు.

ఆ క్యాసెట్‌ను అల్లుడూ, ఆయన షాపు పక్కనే మందుల షాపు నడిపే స్నేహితుడూ బడిలో చదివేటప్పుడు చెరి సగం వేసుకుని కొన్నారు. సగానికి కోసుకోలేరు కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరు ఎక్కువ కొడితే క్యాసెట్ వాళ్ల ఇంట్లో ఉండాలి. ఇరవై ఏళ్లుగా అల్లుడు ఎనభై నాలుగు వేల మూడు వందలతో మొదటి స్థానంలోనూ, మందుల షాపాయన డెబ్బై తొమ్మిది వేల చిల్లరతో రెండో స్థానంలోనూ పాతుకుపోయి ఉన్నారు. కింది మూడు కూడా అల్లుడివే. ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు దాకా అల్లుడు ఆడతాడు. మిగతా వారమంతా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పెళ్లయిన కొత్తలో దుమ్ము దులుపుతూ భార్య క్యాసెట్ పైకి లాగిందని, నెల రోజులు ఆ అరకు తాళం వేసి తాళంచెవి షాపుకు పట్టుకుపోయిన ఘనుడు.

వచ్చిన మొదటి ఆదివారం అత్తగారు సోఫాలోంచి ఆ ఆట చూసింది. చూస్తున్నకొద్దీ ఆవిడకు ఒళ్లు మండింది. ఫ్యాక్టరీలో బెల్టు కూడా కుడి నుంచి ఎడమకే నడుస్తుంది. బిస్కెట్లు వరసలుగా వస్తాయి. ఏరేవాళ్ల పనల్లా, మంచివాటిని పోనిచ్చి, మాడినదాన్నీ విరిగినదాన్నీ మాత్రం తీసి పక్కన పడేయడం. ఈ మనిషి కనపడిన ప్రతిదాన్నీ కాలుస్తున్నాడు. కాల్చడానికని దానికి ఎదురు పోతున్నాడు, పోయి గుద్దుకుంటున్నాడు. అన్నిటినీ ఏరేస్తే పెట్టెలోకి ఏం పోతుంది అని ఆవిడ లోపలే గొణుక్కుంది.

సోమవారం కూతురు ఆఫీసుకూ, అల్లుడు షాపుకూ వెళ్లగానే, వాకర్ పట్టుకుని ఆవిడ నాలుగు అడుగులు వేసి గాజు తలుపు తీసింది. తీగలన్నీ తగిలించే ఉన్నాయి. గుడ్డను ఏ మడత మీద మడిచాడో ఆ మడత గుర్తుపెట్టుకుంది. మీట నొక్కింది.

మొదటి రోజు చాలాసార్లు చచ్చింది. రెండో రోజుకు కొంత పట్టు దొరికింది. బుద్ధిగా వరసలో వచ్చేవి ఎవరి జోలికీ రావని, వాటి దారి వాటికి వదిలేస్తే పక్కనుంచే పోతాయని కనిపెట్టింది. ప్రతి నాలుగు వరసలకూ ఒకటి కాస్త ఎరుపు తిరిగి, ఓవెన్‌లో ఎక్కువసేపు ఉన్నట్టు వచ్చేది. ముప్పై ఒక్క ఏళ్లుగా మాడిన బిస్కెట్‌ను వదిలిన చెయ్యి కాదది. దాన్ని కొట్టింది. అందులోంచి ఒక మెరిసే బిళ్ల రాలింది. బిళ్ల తగలగానే తన ఓడకు రెండో తుపాకి మొలిచింది. ఇంకో మాడినది, ఇంకో బిళ్ల. ఓడ చుట్టూ ఒక నీలం పొర వచ్చింది. అల్లుడు చిల్లర ఓడల వెంట పడి ఆ ఎర్రవాటిని ఒక్కసారి కూడా పట్టించుకున్నట్టు ఆవిడ చూడలేదు. ఊరందరి కళ్లూ పరీక్ష చేసే మనిషి.

పది రోజులు గడిచాయి. ఇప్పుడు ఆవిడకు పొద్దున్నే మెలకువ వస్తోంది. ఇద్దరూ ఎప్పుడు బయల్దేరతారా అని గడియారం వంక చూస్తోంది. కాలు విరిగాక, పని లేక వేళ్లు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు దుప్పటి మీద లేని బిస్కెట్లు ఏరిన మనిషికి ఇది మళ్లీ బెల్టు ఎక్కినట్టే ఉంది. అల్లుడికి తెలిస్తే తాళం పడుతుంది. తాళం పడితే మిగిలిన వారాలు సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే. అందుకని టీవీ గొంతు నొక్కేసి, ఆట అవగానే గుడ్డ అదే మడత మీద కప్పి, పిల్లిలా సోఫా ఎక్కేసేది.

మూడో వారం మంగళవారం ఐదో స్టేజీ చివరికి చేరింది. అక్కడ తెర నిండా ఇనుప గోడ ఒకటి వస్తుంది. అల్లుడి ఓడలన్నీ ఇరవై ఏళ్లుగా ఆ గోడకే బలవుతున్నాయి. ఆవిడ గోడను చూసింది. కింద నుంచి మూడో పలక మీద వెంట్రుక మందాన బీట ఉంది. విరిగిన బిస్కెట్, అనుకుంది. అక్కడే కొట్టింది. గోడ పొడి పొడి అయింది. ఆ తర్వాత ఒక్కో స్టేజీకి పదేసి వేలు వచ్చి పడ్డాయి. ఓడలన్నీ అయిపోయేసరికి తెర మీద లక్షా పన్నెండు వేల ఆరు వందలు. కింద మూడు గళ్లు మిణుకుమిణుకుమంటూ, గుర్తు వేయమన్నట్టు అడిగాయి.

ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేటప్పుడు చీటీ మీద బెల్టు గుర్తు వేయనిదే గేటు దాటనివ్వరు. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా, కూతురి పెళ్లికి సెలవు పెట్టి పరుగెత్తిన రోజున కూడా, ఆవిడ ఆ గుర్తు వేయకుండా కదల్లేదు. ఇక్కడా చేతికి మెదడుతో పనిలేకపోయింది. బి, సున్నా, ఏడు. వేసేసింది. నొక్కేసింది. ఆ తర్వాత చూసుకుంది.

మీట ఆపి మళ్లీ వేసింది. బి సున్నా ఏడు అలాగే అన్నిటి నెత్తినా కూర్చుని ఉంది. ఆదివారం పది గంటలకు అల్లుడు చూడబోయే మొట్టమొదటి వరస అదే. ఈ ఇంట్లో ఏడో బెల్టు మనిషి ఇంకెవరున్నారు.

బుధవారం కూతురు తలనొప్పని మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసరికి, తల్లి చెమటలు కక్కుతూ ఆడుతోంది. సంగతి విని కూతురు ముందు ముక్కు మీద వేలేసుకుంది, తర్వాత సోఫా దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తలనొప్పి ఎటు పోయిందో తెలియదు. చెరపడానికి దారి లేదని ఇద్దరూ తేల్చుకున్నారు. కానీ పట్టీలో ఐదు చోట్లే ఉన్నాయి. ఇంతకన్నా ఎక్కువ ఐదు సార్లు కొడితే ఆ గుర్తు కిందికి జారి జారి, చివరికి పడిపోతుంది.

"ఐదుసార్లూ ఎవరి పేరు వేస్తావే అమ్మా?" అంది కూతురు.

"ఎవరిదేమిటి. మీ ఆయనదే."

"ఆయన నమ్ముతారా?"

"పొగిడితే నమ్మని మగాణ్ని నేనింకా చూడలేదు."

మిగిలిన నాలుగు రోజులూ ఆవిడ డబుల్ షిఫ్టు చేసింది. శనివారం సాయంత్రం అల్లుడి చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడే వేళకు ఐదోది ముగిసింది. పట్టీలో ఐదుకు ఐదూ అల్లుడి మూడక్షరాలే. అన్నీ లక్ష దాటినవే. హడావుడిలో తల్లీకూతుళ్లు ఒక సంగతి గమనించలేదు. బి సున్నా ఏడుతో పాటు మందుల షాపాయన పేరు కూడా కొట్టుకుపోయింది.

ఆదివారం అల్లుడు గుడ్డ తీసి మీట నొక్కాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అత్తగారు వార్తాపత్రికను తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. అల్లుడు భార్యను పిలిచి, దీన్నెవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. మీ పేరే ఉంది కదండీ, మీరు కాక ఇంకెవరు ఆడతారు, అని ఆమె అమాయకంగా అడిగింది. అల్లుడు అవుననలేడు, కాదనడానికి మనసు రావడం లేదు. ఆ రోజంతా ఏదో పారేసుకున్నవాడిలానూ, ఏదో దొరికినవాడిలానూ తిరిగాడు.

సోమవారం షాపు తెరిచిన గంటకే ఆ దొరికినవాడు గెలిచాడు. ఈమధ్య చేతికి ఒడుపు దొరికిందిరా, లక్ష దాటేశాను, అదీ ఐదుసార్లు, అని మందుల షాపాయన దగ్గర కోతలు కోశాడు. ఆయన మధ్యాహ్నం భోజనానికని వచ్చి పట్టీ చూశాడు. ఐదుసార్లు రాసిన ఆ పేరు చూసి కాదు, అందులో లేని తన పేరు చూసి ఆయన మొహం మాడిపోయింది.

"ఇరవై ఏళ్లుగా దాటనివాడివి వారంలో ఐదుసార్లు దాటావా? క్యాసెట్ విప్పి ఏదో చేశావురా నువ్వు," అన్నాడు.

అల్లుడు తడబడ్డాడు. మందుల షాపాయన వదల్లేదు. వచ్చే ఆదివారం తన కళ్ల ముందు ఆడి లక్ష దాటాలి. దాటకపోతే ఆ పట్టీ అంతా దొంగ పట్టీ. దొంగ పట్టీ రాసినవాడికి క్యాసెట్ మీద హక్కు లేదు, అది తన ఇంటికి పోతుంది. పౌరుషానికి పోయి అల్లుడు సరేనన్నాడు. సోఫాలోంచి అత్తగారు అంతా వింది. అల్లుడు తాళం వేస్తాడని ఇన్నాళ్లూ భయపడింది. ఇప్పుడు ఏకంగా క్యాసెట్టే గడప దాటేలా ఉంది. ఆడబోయేది ఐదో స్టేజీ దాటని మనిషి.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఆడుతుండగా వెనక తలుపు తీసిన అలికిడి అయింది. చప్పుడు కాకుండా వేసిన అలికిడి కూడా అయింది. కూతురే అనుకుంది. ఆరో స్టేజీలో ఉంది, తల తిప్పే వీలు లేదు.

"ఆ టీ గ్లాసు ఇటు పెట్టవే. మీ ఆయన వచ్చేలోగా ఇంకో స్టేజీ లాగేస్తాను," అంది.

గ్లాసు వచ్చింది. కింద గుడ్డ కూడా వచ్చింది. ఈ ఇంట్లో గ్లాసు కింద గుడ్డ మరిచిపోకుండా పెట్టే మనిషి ఒక్కడే. ఆవిడ గిరుక్కున తల తిప్పింది. ఓడ పేలిపోయింది. షాపు మూసి ఎవరికీ తెలియకుండా సాధన చేద్దామని తన ఇంట్లోకి తనే దొంగలా వచ్చిన అల్లుడు, సోఫా వెనక నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో ఏమో. ఇద్దరి మధ్య మాట చేరవేయడానికి కూతురు ఇంట్లో లేదు. టీ మీద మీగడ కట్టింది.

"అత్తయ్యగారూ," అన్నాడు చివరికి, "ఆ గోడ ఎలా దాటారండీ?"

ఆవిడ మళ్లీ మొదలుపెట్టి గోడ దాకా ఆడి చూపించింది. "కింద నుంచి మూడో పలకండీ. బీట ఉంది."

అల్లుడు తెర దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, ఎప్పుడో చూడవలసినదాన్ని వెతుక్కున్నాడు. కోపగించుకోవడానికి ఆయనకు తీరిక లేదు. ఆదివారం ముంచుకొస్తోంది. నేర్పమన్నాడు. కొత్తగా చేరిన పిల్లలకు ఫ్యాక్టరీలో మొదటి రోజు ఎలా నేర్పుతారో ఆవిడ అలాగే నేర్పింది. చేతులు వెనక్కి కట్టుకుని గంటసేపు ఊరికే చూడమంది. అల్లుడు కట్టుకున్నాడు. ఒక్క వరస వచ్చేసరికే చేతులు ఊడి ముందుకు వచ్చాయి.

"దాన్ని పోనివ్వండి. అది మంచిది," అనేది ఆవిడ.

"శత్రువండీ అది."

"మీ జోలికి వచ్చిందా?"

శనివారం షాపు సాంతం మూసేసి ఆడాడు. మొత్తం మీద రెండు ఎర్రవాటిని గుర్తుపట్టాడు. మిగతావాటిని కాల్చకుండా వదలడం ఆయన వల్ల కాలేదు. ఎదురుగా కనిపించిన అక్షరమల్లా చదివించి చదివించి, కనిపించినదాన్ని వదిలేయడం ఆ మనిషి మరిచిపోయాడని అత్తగారికి అర్థమైంది.

ఆదివారం మందుల షాపాయన పదికి ఐదు నిమిషాల ముందే, క్యాసెట్ పెట్టుకోవడానికి గుడ్డసంచీ కూడా తెచ్చుకుని దిగాడు. అల్లుడు ఆడాడు. చెమట అద్దాల మీదికి కారుతుంటే తల విదిలించుకుంటూ ఆడాడు. గోడ దాకా వెళ్లాడు. మూడో పలక అని తెలుసు, తెలిసి కూడా దారిలో అడ్డం వచ్చిన చిల్లర ఓడ ఒకదాన్ని కాల్చబోయి దాన్నే గుద్దుకున్నాడు. ఎనభై ఒక్క వేలు. ఆట ముగిసింది.

మందుల షాపాయన లేచాడు. సంచీ మూతి విప్పాడు. డబ్బా మీదికి వంగి క్యాసెట్ పట్టుకున్నాడు.

అత్తగారు కూతురి వంక చూసింది. నోరు తెరిస్తే అల్లుడి పరువు పోతుంది. తెరవకపోతే క్యాసెట్ పోతుంది. అల్లుడి చేత అందరి ముందూ అబద్ధమాడానని ఒప్పించి తెచ్చుకునే బెల్టు తనకెందుకు అనుకుంది. వార్తాపత్రిక తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. సంచీలో క్యాసెట్ పడబోతుండగా అల్లుడే నోరు విప్పాడు.

"ఆగరా. ఆ ఐదూ నేను కొట్టినవి కావు. అత్తయ్యగారు కొట్టారు."

మందుల షాపాయన పిండికట్టు వంకా, వాకర్ వంకా, ఆవిడ నెరిసిన జుట్టు వంకా చూసి నవ్వాడు. ఓడిపోతే ఓడిపోయానని చెప్పుకోరా, పెద్దావిడ మీదికి తోస్తావేం అన్నాడు. అల్లుడు ఒట్టేసినా వినలేదు. అప్పుడు అత్తగారు పత్రిక మడిచి పక్కన పెట్టింది.

"ఏదో పొద్దుపోక నొక్కానులే బాబూ. ఒక్కసారి ఇలా ఇవ్వు. ఇందులో కాల్చేది ఏ బటనూ?"

అల్లుడు నోరు తెరిచాడు. కూతురు ఆయన కాలు తొక్కింది. మందుల షాపాయన జాలిపడి క్యాసెట్ మళ్లీ పెట్టి, బటన్ల ప్యాడ్ చేతికిచ్చి, ఇది పిన్నిగారూ, ఇలా నొక్కాలి, అని ఓపిగ్గా చూపించాడు. ఆవిడ మొదటి ఓడను నేరుగా తీసుకుపోయి ఎదురుగా వస్తున్నదానికి గుద్దింది. రెండోదాన్ని తెర అంచుకు రాకి పేల్చింది. ఇక మిగిలింది ఒక్కటి. మందుల షాపాయన సోఫా చేతి మీద హాయిగా కూలబడ్డాడు.

"పిన్నిగారు గనక లక్ష దాటితే, నేను ఇక జన్మలో ఈ క్యాసెట్ అడగను," అన్నాడు.

"మరి ఎవరిదవుతుంది బాబూ? తేటగా చెప్పు. నాకు సరిగా అర్థం కాదు."

"మీదే. ఎక్కువ కొట్టినవాళ్ల ఇంట్లో ఉండాలని కదా ఒప్పందం. మీ ఇంటికి పట్టుకుపోండి."

"అల్లుడుగారేమంటారో అడగమ్మా," అంది ఆవిడ కూతురితో.

అల్లుడు పరువు దక్కుతుందన్న ఆనందంలో ఏమీ ఆలోచించలేదు. సరే అన్నాడు.

ఆవిడ కట్టు కాలు స్టూలు మీద సర్దుకుంది. వీపు నిటారు చేసింది. మూడో ఓడ బయల్దేరింది. వరసలు వచ్చాయి, పోయాయి. ఆవిడ బొటనవేలు నాలుగు వరసలకొకసారి కదులుతోంది. మాడినది, బిళ్ల. మాడినది, బిళ్ల. రెండో స్టేజీలో మందుల షాపాయన సోఫా చేతి మీది నుంచి లేచాడు. నాలుగో స్టేజీలో నేల మీద కూర్చున్నాడు. గోడ పొడి అయినప్పుడు ఆయన చేతిలోంచి సంచీ జారిపోయింది, చూసుకోలేదు. ఆవిడ మధ్యలో ఒకసారి ప్యాడ్ ఒంటిచేత్తో పట్టుకుని టీ తాగింది. లక్షా ముప్పై ఎనిమిది వేల దగ్గర ఆ ఒక్క ఓడా పోయింది.

మూడు గళ్లు మిణుకుమన్నాయి. ఈసారి ఆవిడ ఎవరి వంకా చూడలేదు. బి, సున్నా, ఏడు.

"బటన్ ఏదని నన్ను అడిగారు," అన్నాడు మందుల షాపాయన.

"అడిగితే చూపించావు నాయనా. మంచివాడివి."

అల్లుడు అంతదాకా నవ్వుతూనే ఉన్నాడు. తను దేనికి సరేనన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. స్నేహితుడి వంక చూశాడు. స్నేహితుడూ ఆయన వంకే చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇది నీ ఇంట్లోనా నా ఇంట్లోనా అని కొట్టుకున్నవాళ్లు, రెండిళ్లలోనూ కాదని తెలిసిన ఆ క్షణంలో మొట్టమొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. ఆవిణ్ని కాస్త బతిమాలదామన్నారు. ఆవిడ వినలేదు. ఒప్పందం మీరు రాసుకున్నదే కదా అంది. ఆ మాట కూతురి ద్వారా కాదు, నేరుగానే అంది.

కట్టు విప్పిన మర్నాడు, డబ్బా లేని క్యాసెట్ దేనికని, అల్లుడే క్యాసెట్‌తో సహా డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో అత్తగారి ఇంటికి తెచ్చాడు. తీగలు తగిలించాడు. గుడ్డ కప్పి, మడత ఎలా వేయాలో చూపించబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. ఆవిడ మళ్లీ ఏడో బెల్టు ఎక్కింది. పొద్దున షిఫ్టు. మీరిద్దరూ ఎప్పుడైనా వచ్చి ఆడుకోవచ్చు, కానీ నేను ఇంట్లో ఉన్నప్పుడే రావాలి, నాకు వారానికి ఒకటే సెలవు, అది మంగళవారం, అని చెప్పింది. ఆదివారం రావచ్చా అని అల్లుడు అడిగాడు. ఆదివారం ఓవెన్లు ఆగవండీ అంది.

ఆ వారం నుంచి ఆ వీధిలో పక్కపక్కన ఉన్న రెండు షాపులకూ ఒకే చేతిరాతతో అట్టలు వేలాడాయి. మంగళవారం సెలవు. రాసింది కూతురే. కళ్లద్దాలాయనకూ మందులాయనకూ ఒకేసారి భక్తి కుదిరిందని కొందరూ, ఇద్దరూ కలిసి ఎక్కడో స్థలం కొని చూసి వస్తున్నారని కొందరూ చెప్పుకున్నారు. మంగళవారం పొద్దున తొమ్మిదింటి బస్సులో, ఎవరు ముందు ఆడాలన్న విషయం మీద ఒకరి మాట ఒకరు పడనివ్వకుండా వాదించుకుంటూ పోయే ఆ ఇద్దరినీ చూసిన కండక్టరు మాత్రం, వీళ్లకు ఆస్తి తగాదా ఏదో ఉందని తేల్చేశాడు.